200 తూటాలు పేలిస్తే నమ్మేయొచ్చా?

మన సినిమాల్లో పిస్తోలుకి మూడు వరాలుంటాయి. హీరో దాన్ని చొక్కా వెనక దాచినా ఎవరికీ కనిపించదు. పరిగెడుతూ ఒంటిచేత్తో పేల్చినా గురి తప్పదు. ఎన్నిసార్లు పేల్చినా మధ్యలో ఆగదు. దాగడం, తగలడం, ఆగకపోవడం. డైరెక్టర్‌కి ఈ మూడూ ఫ్రీగా వచ్చేస్తాయి. ఇంజినీర్‌కి మాత్రం ఇవి ఒకదానితో ఒకటి కొట్లాడుకునే మూడు కండిషన్లు. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గుతుంది.

ఈ కొట్లాట బాగా కనిపించే చోటు అమెరికాలోని షూటింగ్ రేంజ్. అక్కడ పోలీసులూ సైనికులూ కాని మామూలు మనుషులు కూడా చట్టప్రకారం బట్టల కింద పిస్తోలు పెట్టుకుని తిరగొచ్చు. దాన్ని కన్సీల్డ్ క్యారీ అంటారు. ఇంటి బయట ఆత్మరక్షణ కోసం చేతి తుపాకీ వెంట ఉంచుకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని 2022 జూన్‌లో బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో దానికి పర్మిట్ కూడా అక్కర్లేదు. ఇది మంచిదా చెడ్డదా అని అక్కడివాళ్ళే దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఆ వాదన మనం ఇక్కడ తేల్చబోవట్లేదు. మన ప్రశ్న చిన్నది: ప్రాణం మీదికొచ్చినప్పుడు పనికొస్తుందని నమ్మి నడుముకి పెట్టుకునే చిన్న పిస్తోలుని రేంజ్‌లో ఎలా పరీక్షిస్తారు? ఆ పరీక్ష నిజంగా ఎంత చెప్తుంది?

మనకెందుకు ఈ గోల అంటారా? రెండు కారణాలు. ఒకటి, ఫస్టియర్ ఫిజిక్సూ, మనల్ని ఏడిపించిన ప్రాబబిలిటీ పేపరూ ఇంత సూటిగా పనికొచ్చే ఉదాహరణ ఇంకోటి తేలిగ్గా దొరకదు. రెండోది, ఎమ్మెస్‌కి వెళ్ళబోయే సీనియర్లకి నేరుగా తగిలే విషయం. అది చివర్లో చెప్తాను, కానీ తప్పకుండా చదవండి.

చిన్నది అంటే ఎంత చిన్నది?

ఒక కుటుంబాన్నే తీసుకుందాం. ఆస్ట్రియాకి చెందిన గాస్టన్ గ్లాక్ 1980ల మొదట్లో తమ దేశ సైన్యం కోసం గ్లాక్ 17 తయారుచేశాడు. బ్యారెల్ పొడవు 114 మి.మీ., మ్యాగజైన్‌లో 17 తూటాలు. (మ్యాగజైన్ అంటే మీరు ఇప్పుడు చదువుతున్నది కాదు, పిడిలోకి దూరే తూటాల పెట్టె.) అది నడుముకి బహిరంగంగా కట్టుకునే సైజు. 1988లో దాన్నే కొంచెం కత్తిరించి గ్లాక్ 19 తెచ్చారు. బ్యారెల్ 102 మి.మీ., 15 తూటాలు. కాంపాక్ట్ అన్న మాటకి ఇప్పటికీ చాలామంది కొలబద్ద ఇదే. 2018లో సిగ్ సావర్ కంపెనీ పి365 తెచ్చింది. బ్యారెల్ 79 మి.మీ. దగ్గర, బరువు సుమారు అర కిలో, అయినా 10 తూటాలు పడతాయి. తూటాలని ఒకదాని మీద ఒకటి వరసగా కాకుండా కాస్త అటూ ఇటూ జరిపి పేర్చే మ్యాగజైన్ డిజైన్ వల్లే అది సాధ్యమైంది.

ఇక్కడ మనం ఊహించనిది ఒకటుంది. దాచడానికి ఇబ్బంది పెట్టేది బ్యారెల్ పొడవు అనుకుంటాం. కాదు. బ్యారెల్ ప్యాంటు లోపలికి, కిందికి దిగిపోతుంది, అది ఎవరికీ కనిపించదు. చొక్కాని పొడుచుకొచ్చేది పిడి. వంగినప్పుడు వెనక చొక్కా మీద పిడి ఆకారం అచ్చు పడుతుంది. అందుకే అక్కడ దాన్ని ప్రింటింగ్ అంటారు. అంటే దాచాలంటే పిడి పొట్టిదవ్వాలి. పిడి పొట్టిదైతే చిటికెన వేలికి చోటుండదు, అది గాల్లో వేలాడుతుంది. పట్టు తగ్గుతుంది. మొదటి కొట్లాట ఇక్కడే మొదలైంది: నడుముకి హాయి, చేతికి కష్టం.

తన్ను ఎంత?

ఇప్పుడు న్యూటన్ మూడో నియమం. ఈ పిస్తోళ్ళలో వాడేది 9 మి.మీ. పారాబెల్లమ్ తూటా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో గియోర్గ్ లూగర్ రూపొందించింది, ఇంకా అదే నడుస్తోంది. అందులో బుల్లెట్ బరువు మామూలుగా 8 గ్రాములు అనుకుందాం, వేగం సెకనుకి 350 మీటర్లు. ద్రవ్యవేగం 2.8 కి.గ్రా.మీ./సె. బుల్లెట్ వెనకాల ఎగిసొచ్చే వాయువుల వాటా కూడా కలిపితే సుమారు 3 అనుకోవచ్చు. అంత ద్రవ్యవేగమే వెనక్కి, మన చేతిలోకి వస్తుంది.

పూర్తిగా నింపిన గ్లాక్ 19 బరువు 0.85 కిలోల దగ్గర ఉంటుంది. లెక్కేస్తే అది వెనక్కి సెకనుకి 3.5 మీటర్ల వేగంతో వస్తుంది, శక్తి 5.3 జౌల్స్. నింపిన పి365 బరువు సుమారు 0.62 కిలోలు. అదే తూటా, కానీ వెనక్కొచ్చే వేగం 4.8 మీటర్లు, శక్తి 7.3 జౌల్స్. ద్రవ్యవేగం మారలేదు, బరువు తగ్గింది, అందుకని చేతికి తగిలే శక్తి మూడో వంతుకి పైగా పెరిగింది. అది కూడా చిటికెన వేలు లేని పట్టు మీద. "చిన్న పిస్తోలు కదా, ఆడవాళ్ళకీ కొత్తవాళ్ళకీ తేలిక" అని షాపులో చెప్పే సలహా ఎంత తలకిందులో ఈ ఒక్క లెక్కతో అర్థమైపోతుంది. కొత్త చేతికి కావాల్సింది బరువైన పిస్తోలు.

బుల్లెట్ శక్తి మాత్రం దాదాపు 490 జౌల్స్. మన చేతికి తగిలేది అందులో వందో వంతు అటూ ఇటూ. ద్రవ్యవేగం రెండు వైపులా సమానంగా పంచుకుంటారు, శక్తిని మాత్రం కాదు. తేలికైనదే ఎక్కువ పట్టుకుపోతుంది. ఈ ప్రశ్న వైవాలో అడిగితే సమాధానం ఇదే.

లోపల జరిగే సర్కస్

ఒక్కసారి ట్రిగ్గర్ లాగితే లోపల ఎన్ని పనులు జరగాలో చూడండి. పిన్ను వెళ్ళి తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ని కొడుతుంది. మందు అంటుకుంటుంది. బుల్లెట్ ముందుకెళ్తుంటే, పైనున్న స్లైడు, బ్యారెల్ రెండూ తాళం వేసుకున్నట్టు కలిసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కొస్తాయి. అప్పుడు బ్యారెల్ వెనక కొస కిందికి వంగి తాళం విడిపోతుంది. స్లైడు ఒంటరిగా వెనక్కెళ్తూ ఖాళీ డొల్లని కొక్కెంతో లాగి బయటకి విసిరేస్తుంది. ఇంతలో మ్యాగజైన్ స్ప్రింగ్ కింది నుంచి కొత్త తూటాని పైకి నెడుతుంది. స్లైడు కింద ఉన్న పెద్ద స్ప్రింగ్ దాన్ని మళ్ళీ ముందుకి తోస్తుంది, పోతూపోతూ స్లైడు కొత్త తూటాని బ్యారెల్‌లోకి ఎక్కిస్తుంది. ఇదంతా సెకనులో ఇరవయ్యో వంతు అటూ ఇటూగా. బ్యారెల్ వంగే ఈ ఉపాయం జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్‌ది. వందేళ్ళు దాటినా ఇప్పటికీ చాలా పిస్తోళ్ళు దాని మీదే నడుస్తున్నాయి.

ఇప్పుడు ఇదే సర్కస్‌ని పొట్టి స్లైడుతో చేయించండి. స్లైడు తేలిక, కాబట్టి ఎక్కువ వేగంతో వెనక్కొస్తుంది. దూరం తక్కువ, కాబట్టి దాన్ని ఆపడానికి గట్టి స్ప్రింగ్ కావాలి. గట్టి స్ప్రింగ్ ముందుకి కూడా వేగంగా తోస్తుంది, కాబట్టి మ్యాగజైన్‌కి కొత్త తూటాని పైకి లేపడానికి తక్కువ టైమ్ దొరుకుతుంది. ప్రతిచోటా మార్జిన్ తగ్గుతుంది. పైగా ఈ యంత్రానికి ఒక విచిత్రమైన పార్టుంది, అది మీ మణికట్టు. స్లైడు వెనక్కి పోవాలంటే ఫ్రేము కదలకుండా ఎవరో పట్టుకోవాలి కదా. మణికట్టు వదులుగా ఉంటే ఫ్రేము కూడా వెనక్కి పోతుంది, స్లైడు పూర్తి దూరం వెళ్ళకుండానే తిరిగొస్తుంది, డొల్ల సగంలో ఇరుక్కుంటుంది. ఖాళీ డొల్ల పొగగొట్టంలాగ నిలువుగా నిలబడిపోతే దాన్ని స్టవ్‌పైప్ అంటారు. పెద్ద పిస్తోలులో బరువు కొంత క్షమిస్తుంది. చిన్నదానిలో క్షమించేవాళ్ళు లేరు.

అంటే ఆగిపోవడం అనేది పిస్తోలు గుణం మాత్రమే కాదు. పిస్తోలు, మ్యాగజైన్, తూటా, మనిషి, ఈ నలుగురి ఉమ్మడి గుణం. నలుగురిలో ఒకర్ని మార్చితే అది కొత్త సిస్టమ్. రేంజ్‌లో పరీక్షించేవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది ఇదే.

రేంజ్‌లోకి అడుగు పెట్టేముందు

ఏ రేంజ్‌లోనైనా ముందు చెప్పేవి నాలుగు నియమాలు. వాటిని ఇప్పుడున్న రూపంలో ప్రచారం చేసింది జెఫ్ కూపర్ అనే శిక్షకుడు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో. నాశనం చేయడానికి నువ్వు సిద్ధంగా లేనిదేదీ గొట్టం ముందు ఉండకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు. నీ గురి ఏంటో, దాని వెనక ఏముందో తెలుసుకో. గమనించండి, వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతావి కాపాడతాయి. రెండు మూడు కలిసి తప్పితేనే ప్రాణం పోతుంది. మనం సేఫ్టీ ఇంజినీరింగ్‌లో చదువుకునే పొరల రక్షణ అంటే ఇదే.

రెండోది చెవులు. పిస్తోలు పేలినప్పుడు శబ్దం 160 డెసిబెల్స్ దగ్గరికి వెళ్తుంది. వినికిడికి ప్రమాదం అని చెప్పే హద్దు, ఇలాంటి ఒక్కసారి మోతలకి, 140. డెసిబెల్ లాగరిథమ్ స్కేలు కాబట్టి ఆ 20 తేడా అంటే పీడనంలో పది రెట్లు. అందుకే ఇండోర్ రేంజ్‌లో చెవిలో ప్లగ్గులు పెట్టుకుని పైన మఫ్‌లు కూడా వేసుకుంటారు. కళ్ళకి అద్దాలు తప్పనిసరి. బయటకొచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా తినకూడదు, ఎందుకంటే సీసం ధూళి చేతుల మీద ఉంటుంది. సినిమాలో హీరో గదిలో పేల్చి వెంటనే హీరోయిన్‌తో గుసగుసగా మాట్లాడతాడు. నిజానికి ఆ టైమ్‌లో ఇద్దరికీ చెవుల్లో గుయ్ మనే మోత తప్ప ఇంకేం వినపడదు.

గురి: పిస్తోలుదా, మనిషిదా?

టార్గెట్ కాగితం మీద చిల్లులు చూసి "ఈ పిస్తోలు బాగా తగుల్తోంది" అనేస్తారు. అక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. చిల్లులన్నీ ఒకచోట గుంపుగా ఉన్నా ఆ గుంపు మధ్య బిందువుకి దూరంగా ఉండొచ్చు. మధ్య బిందువు చుట్టూనే ఉన్నా చెల్లాచెదురుగా ఉండొచ్చు. మెషిన్ లెర్నింగ్ చదివినవాళ్ళకి ఇది బయాస్, వేరియన్స్ కథే. మొదటిది గురి అద్దడంలో తేడా, సైటు సరిచేస్తే పోవచ్చు. రెండోది అలా పోదు.

ఆ చెదరడంలో పిస్తోలు వాటా ఎంత, చేతి వాటా ఎంత? దీనికి తేలికైన పద్ధతుంది. ముందు బల్ల మీద ఇసుక సంచి పెట్టి, పిస్తోలుని దాని మీద ఆనించి పేల్చాలి. తర్వాత అదే దూరం నుంచి నిలబడి చేత్తో పేల్చాలి. బల్ల మీద చెదురు 3 సెం.మీ., చేత్తో 10 సెం.మీ. వచ్చిందనుకుందాం. వేరియన్స్‌లు కూడతాయి కాబట్టి చేతి వాటా 100లోంచి 9 తీసేసి వర్గమూలం కడితే 9.5. అంటే ఇంకో రెట్టింపు ఖరీదైన, అసలు చెదరని పిస్తోలు కొన్నా ఫలితం 10 నుంచి 9.5కి మాత్రమే తగ్గుతుంది. డబ్బు పిస్తోలు మీద పెట్టాలా, ప్రాక్టీసు మీద పెట్టాలా అన్నది వర్గమూలమే చెప్పేసింది.

చిన్న పిస్తోలు ఇక్కడ చేతిని రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. ఒకటి, ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం. గ్లాక్ 19లో అది సుమారు 150 మి.మీ. సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 7 మీటర్ల దూరంలో బుల్లెట్ 47 మి.మీ. పక్కకి పోతుంది. అదే దూరం 130 మి.మీ. అయితే 54 మి.మీ. సరూప త్రిభుజాలు, పదో తరగతి లెక్క. రెండోది ట్రిగ్గర్. దాన్ని లాగడానికి మామూలుగా రెండున్నర కిలోల బరువు ఎత్తేంత బలం పెట్టాలి. పిస్తోలు బరువే కిలో లేదు. కిలో కూడా లేని వస్తువు మీద ఒక్క వేలితో రెండున్నర కిలోల బలం పెడుతూ, మిగతా వస్తువు వెంట్రుకవాసి కదలకూడదంటే ఎలా? అందుకే కుడిచేతివాటం కొత్తవాళ్ళ చిల్లులు చాలావరకు ఎడమవైపు కిందికి పడతాయి.

ఇంకో కారణం భయం. మోత వస్తుందని తెలుసు కాబట్టి పేలడానికి కాస్త ముందే చెయ్యి దానంతటదే కిందికి నొక్కుతుంది. పేలినప్పుడు వచ్చే తన్నులో ఆ నొక్కు కనిపించదు. దాన్ని పట్టుకోవడానికి శిక్షకులు ఒక చిన్న మోసం చేస్తారు. మ్యాగజైన్‌లో మామూలు తూటాల మధ్య ఎక్కడో ఒకటి రెండు పేలని డమ్మీ తూటాలు కలిపి ఇస్తారు. డమ్మీ వచ్చినప్పుడు టిక్కుమంటుంది, పేలదు, కానీ చెయ్యి మాత్రం కిందికి ఊగుతుంది. పక్కనున్నవాళ్ళందరికీ కనిపిస్తుంది. పిస్తోలుని తిట్టేముందు ఈ పరీక్ష చేసుకోవాలి.

మరి ఎంత బాగా తగిలితే చాలు? టెక్సాస్ ఉదాహరణ చూడండి. అక్కడ 2021 సెప్టెంబరు నుంచి పర్మిట్ తప్పనిసరి కాదు, కానీ కావాలనుకునేవాళ్ళకి లైసెన్సు ఉంది. దాని షూటింగ్ టెస్టులో 50 తూటాలు: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. మొత్తం 250 మార్కులు, 175 వస్తే పాస్. అంటే 70 శాతం. టార్గెట్ నిలువెత్తు మనిషి ఆకారం, కదలదు, తిరిగి కాల్చదు. ఆ 70 శాతంలో తగలని ప్రతి బుల్లెట్ కాగితం వెనకున్న మట్టిగోడలోకి పోతుంది. వీధిలో మట్టిగోడ ఉండదు, నాలుగో నియమం గుర్తు చేసుకోండి.

200 తూటాల మాయ

ఇక అసలు విషయం. కొత్త పిస్తోలు కొన్నవాళ్ళు రేంజ్‌కి వెళ్ళి 200 తూటాలు పేలుస్తారు. ఒక్కసారి కూడా ఆగలేదు. "ఇంక నమ్మొచ్చు" అని నడుముకి పెట్టుకుంటారు. 200 అన్నది అక్కడ అందరి నోటా వినిపించే అంకె. ఆ అంకె నిజంగా ఏం నిరూపించింది?

పిస్తోలు ప్రతి తూటాకీ ఆగే సంభావ్యత p అనుకుందాం. 200 సార్లలో ఒక్కసారీ ఆగకపోయే అవకాశం (1 − p) ని 200 సార్లు గుణిస్తే వస్తుంది. p విలువ 1.5 శాతం అయితే ఆ అవకాశం దాదాపు 5 శాతం. అంటే వంద తూటాలకి ఒకటిన్నర సార్లు ఆగే చెత్త పిస్తోలు కూడా ఇరవై మందిలో ఒకరి చేతిలో ఈ పరీక్ష నీట్‌గా పాసైపోతుంది. కాబట్టి 200 తూటాల తర్వాత మనం 95 శాతం ధీమాతో చెప్పగలిగింది ఒక్కటే: ఆగే రేటు 1.5 శాతం కంటే ఎక్కువ కాదు. దీనికి స్టాటిస్టిక్స్‌లో మూడు సూత్రం అని ఒక సులువైన దారి ఉంది. n సార్లు ప్రయత్నించి ఒక్క ఫెయిల్యూరూ రాకపోతే, రేటు పైహద్దు 3/n. మందుల ట్రయల్స్‌లో "వంద మందిలో ఎవరికీ సైడ్ ఎఫెక్ట్ రాలేదు" అన్నప్పుడు కూడా ఇదే వాడతారు. వందమందిలో ఎవరికీ రాలేదంటే, మూడు శాతం మందికి రావచ్చు అనే అర్థం ఇంకా మిగిలే ఉంది.

వెయ్యికి ఒకసారి కంటే తక్కువ ఆగుతుందని అదే ధీమాతో చెప్పాలంటే 3,000 తూటాలు ఒక్కసారి కూడా ఆగకుండా పేలాలి. తూటాల ఖర్చే పిస్తోలు ఖరీదుని దాటిపోతుంది. సైన్యాలకైతే ఆ స్థోమత ఉంటుంది. 1911లో అమెరికా సైన్యం కొత్త పిస్తోలుని ఎంచుకోవడానికి పెట్టిన పరీక్షలో బ్రౌనింగ్ డిజైన్ చేసిన కోల్ట్ 6,000 తూటాలు ఒక్కసారి కూడా ఆగకుండా పేల్చిందని రికార్డు. మూడు సూత్రం పెడితే పైహద్దు రెండు వేలకి ఒకటి. ఆ పిస్తోలు తర్వాత 70 ఏళ్ళకి పైగా అమెరికా సైన్యంలో ఉంది.

ఇంకో చిక్కు. ఈ లెక్కలో ప్రతి తూటా స్వతంత్రం అనుకున్నాం. నిజంలో కాదు. మసి పేరుకుంటుంది, చెయ్యి అలసిపోతుంది, స్ప్రింగ్ అరుగుతుంది, ఒక మ్యాగజైన్ మాత్రమే మొరాయిస్తుంది. అందుకే తెలివైనవాళ్ళు మన ల్యాబ్ రికార్డులాగ రాసుకుంటారు. మ్యాగజైన్ల మీద 1, 2, 3 అని నంబర్లు వేస్తారు. ఏ తూటా, ఏ మ్యాగజైన్, ఎన్నో తూటాకి, ఏ రకంగా ఆగింది అని నోట్ చేస్తారు. మూడు సార్లు ఆగితే, మూడూ 2వ మ్యాగజైన్‌తోనే అయితే, అది పిస్తోలు తప్పు కాదు. రికార్డు లేకపోతే "ఏదో మూడుసార్లు ఆగింది" అన్న జ్ఞాపకం మాత్రమే మిగులుతుంది. మనలాగ ముందు రీడింగులు ఊహించి తర్వాత గ్రాఫు గీసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

తూటా మార్చినా లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ప్రాక్టీసుకి వాడేవి గుండ్రటి ముక్కుతో, చవగ్గా ఉండే బాల్ రకం. నడుముకి పెట్టుకునేవి ముక్కులో గుంట ఉండే హాలో పాయింట్ రకం, ఖరీదు. ముక్కు ఆకారం వేరు, కాబట్టి బ్యారెల్‌లోకి ఎక్కే తీరూ వేరు. చవకవి 200 పేల్చి, ఖరీదైనవి పది కూడా పేల్చకుండా నింపుకు తిరిగేవాళ్ళు పరీక్షించింది ఒక సిస్టమ్‌ని, నమ్ముతున్నది ఇంకో సిస్టమ్‌ని. తేడా ఎటువైపైనా రావచ్చు. 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న ఎమ్17, ఎమ్18 పిస్తోళ్ళ విషయంలో హాలో పాయింట్ రకం కంటే బాల్ తూటాలతోనే ఎక్కువసార్లు ఆగాయని పెంటగాన్ పరీక్షా విభాగం రిపోర్టులోనే ఉంది. ఊహించి చెప్పలేం, పేల్చి చూడాల్సిందే.

రేంజ్ అడగని ప్రశ్నలు

ఇవన్నీ చేశాక కూడా రేంజ్ పరీక్షించనివి బోలెడు. రేంజ్‌లో వెలుగు ఉంటుంది, టైమ్ ఉంటుంది, టార్గెట్ ఎదురుగా నిలబడి ఉంటుంది. చాలా రేంజ్‌లలో నడుము నుంచి పిస్తోలు తీసి పేల్చడానికి అనుమతే ఉండదు, బల్ల మీద నుంచి తీసుకునే పేల్చాలి. అంటే కన్సీల్డ్ క్యారీ కోసం కొన్న పిస్తోలుని, ఆ క్యారీ అన్న ముక్క వదిలేసి మిగతాదంతా పరీక్షిస్తున్నారు. చొక్కా ఎత్తడం, హోల్‌స్టర్ నుంచి తీయడం, తీసేటప్పుడు వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉంచడం, అసలు ప్రమాదం ఎక్కువగా ఉండే భాగం అదే. పిస్తోలు సంగతి సరే, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ లేకుండా జేబులో వేసుకుంటే, జేబులోని తాళంచెవి కూడా ట్రిగ్గర్ లాగగలదు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. నమ్మదగిన పిస్తోలు, అంటే ఒక్కసారి కూడా ఆగని పిస్తోలు, చెడ్డ రాత్రిలో కూడా ఆగదు. పరీక్ష ఫలితం బాగా రావడం అంటే ఇంట్లో అందరికీ బాగున్నట్టు కాదు. ఏ టార్గెట్ కాగితమూ ఈ మార్కులు వేయదు.

ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళు ఇది చదవండి

ఇప్పుడు రెండో కారణం. అమెరికా వెళ్ళిన మొదటి వేసవిలో ఫ్రెండ్స్‌తో రేంజ్‌కి వెళ్ళి, పిస్తోలు అద్దెకి తీసుకుని, ఫొటో దిగి స్టేటస్ పెట్టడం మనవాళ్ళలో మామూలైపోయింది. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేసే అన్నయ్యలకి ఎవరో ఒకరు "ఒకటి దగ్గర పెట్టుకో" అని సలహా ఇస్తుంటారు. సలహా ఇచ్చినవాడు సిటిజన్ అయ్యుండొచ్చు. మీరు కాదు.

ఎఫ్-1, హెచ్-1బి లాంటివి నాన్-ఇమిగ్రెంట్ వీసాలు. ఆ వీసాల మీద వెళ్ళినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, ముఖ్యమైనది చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. అది లేకుండా దొరికితే 15 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు, వీసా సంగతి చెప్పక్కర్లేదు. దగ్గర ఉంచుకోవడం అంటే కొనడం మాత్రమే కాదు, రేంజ్‌లో గంటసేపు అద్దెకి చేతిలో పట్టుకోవడం కూడా ఆ మాట కిందికి వస్తుంది. రాష్ట్రంలో పర్మిట్ అక్కర్లేదు అన్న మాట ఇక్కడ కాపాడదు. ఆ సడలింపు చట్టప్రకారం తుపాకీ కలిగి ఉండగలిగిన వాళ్ళకే. రేంజ్ వాళ్ళు ఫారం మీద సంతకం పెట్టించుకుంటారు, ఆ ఫారంలో మీ వీసా గురించి ప్రశ్న ఉంటే అబద్ధం రాయడం ఇంకో తప్పు. వెళ్ళాలని నిజంగా ఉంటే ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసునో, ఇమిగ్రేషన్ లాయర్‌నో అడగండి. రూమ్మేట్‌ని కాదు.

ఇంకో మాట. తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి అమెరికాలో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థి ఒకరు చనిపోయిన వార్త 2024లో పేపర్లలో చదివాం. ఆ కుటుంబం గురించి మనం ఏం మాట్లాడలేం. నాలుగు నియమాల్లో మొదటిది ఎందుకు మొదటిదో మాత్రం గుర్తుపెట్టుకోవచ్చు.

మరి గురి సరదా ఉన్నవాళ్ళు?

మన దేశంలో 9 మి.మీ. పిస్తోలు మామూలు పౌరుడికి లైసెన్సు మీద దొరకదు, ఆయుధాల చట్టం దాన్ని నిషిద్ధ బోరుల్లో పెట్టింది. కానీ పైన చెప్పిన లెక్కల్లో సగానికి పైగా, అంటే సైట్ల దూరం, ట్రిగ్గర్ బలం, చేతి వణుకు, గుంపుల వేరియన్స్, ఇవన్నీ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో కూడా నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు షూటింగ్ రేంజ్ ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాదీ. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పిస్తోలుతో 4 పతకాలు తెచ్చిన ఈషా సింగ్ కూడా హైదరాబాద్ అమ్మాయే. వాళ్ళెవరూ పిస్తోలుని దాచుకోరు, దాంతో ఎవరినీ బెదిరించరు. వాళ్ళకీ, పోయినసారి 200 పేల్చి నమ్మేసుకున్నవాళ్ళకీ తేడా ఒక్కటే. వాళ్ళు ప్రతి చిల్లునీ లెక్కపెడతారు, ప్రతి రోజూ మళ్ళీ మొదటి నుంచి.

రేపు మీరు పిస్తోలు ముట్టుకోకపోవచ్చు. కానీ ఏదో ఒక రోజు మీరు రాసిన కోడుని 200 టెస్ట్ కేసులు పాసైంది కదా అని, మీరు వేసిన బ్రేకు డిజైన్‌ని 200 సార్లు పట్టింది కదా అని ఎవరో నమ్మి వాడతారు. అప్పుడు మూడుని 200తో భాగించండి. వచ్చిన 1.5 శాతం మీ ఇంట్లోవాళ్ళ మీద పెట్టడానికి సరిపోతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.